దూర సైకిలు యాత్రలు – పంచాయతీల బాధ్యత

సైకిలు మన గ్రామములకు క్రొత్తది కాదు. పాలకేనులు తగిలించుకొని పట్టణమునకు పోవు పాడిరైతు, ఉత్తరముల సంచితో ఊరూర తిరుగు తపాలా జవాను, పొరుగూరి హైస్కూలుకు పోవు బాలబాలికలు – అందరును దానిని ఎరిగినవారే. స్థానిక సంస్థలు సైకిలుపై పన్ను విధించి, పన్ను కట్టినవానికి బిళ్ల ఇచ్చి, రాత్రివేళ దీపము లేని సైకిలును పట్టుకొని జరిమానా వేసిన రోజులు పెద్దలకు నేటికిని జ్ఞాపకముండును.

అయితే ఇటీవలి సంవత్సరములలో రహదారి ప్రక్కనున్న గ్రామములవారికి క్రొత్త దృశ్య మొకటి కనబడుచున్నది. తెల్లవారకముందే పదిమందియో ఇరువదిమందియో సైకిళ్ళపై వరుసగా పోవుచుందురు. తలపై హెల్మెటు, ఒంటిపై దీపపు వెలుతురు పడగానే మెరయు చొక్కా, సైకిలు వెనుక ఎర్రని దీపము. టీ కొట్టువద్ద ఆగి, ఒక చీటీపై ముద్ర వేయించుకొని, సీసాలలో నీరు నింపుకొని మరల సాగిపోవుదురు. మరునాటి రాత్రి వారే తిరుగు దారిలో అలసిన ముఖములతో కనబడుదురు. ఇది పందెమా, మ్రొక్కుబడియా, ప్రచారయాత్రయా అని ఊరివారు తర్కించుకొనుట సహజము.

ఇది పందెము కాదు. నిర్ణీత దూరమును నిర్ణీత కాలములో, స్వశక్తితో, సైకిలుపై పూర్తిచేయు సాధన. ఇందులో మొదటి బహుమతి లేదు, చివరివాడను అవమానమును లేదు. హైదరాబాదు, విశాఖపట్నము వంటి నగరములనుండి ఈ యాత్రలు బయలుదేరుచున్నవి. కాని యాత్రికుడు గడపునది నగరములో కాదు, దారిపొడుగునా గల గ్రామముల మధ్యనే. చీకటిలో మీ ఊరి పొలిమేరలో అతడు ప్రయాణించు మూడు నాలుగు కిలోమీటర్లలో అతని క్షేమము ఆ రోడ్డుపైని గుంట మీదను, ఆరబోసిన ధాన్యపు కుప్ప మీదను, వెలుగని వీధిదీపము మీదను ఆధారపడి యుండును. అందుచేత పంచాయతీ సభ్యులు ఈ యాత్రల స్వరూపమును, నియమములను, అందులోని ప్రమాదములను తెలిసికొనుట అవసరము.

యాత్రల పుట్టుక

ఈ సాధన ఐరోపా ఖండములో పుట్టినది. 1891 సెప్టెంబరులో ఫ్రాన్సు దేశములో పారిస్ నగరమునుండి పడమటి సముద్రతీరమందలి బ్రెస్ట్ రేవు వరకు పోయి తిరిగి పారిస్ చేరవలసిన గొప్ప పందెము నొక దినపత్రిక నిర్వహించెను. మొత్తము దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. రెండు వందలకు పైగా బయలుదేరగా, గమ్యము చేరినవారు నూరుమంది ప్రాంతమున మాత్రమే. షార్ల్ తెరోఁ అను నతడు 71 గంటల 22 నిమిషములలో తిరిగివచ్చి గెలుపొందెను. గాలి నింపిన టైరు సైకిలుకు వచ్చి అప్పటికి మూడేండ్లే అయినది. రోడ్లు మట్టివి, కంకరవి. అట్టి కాలమున సైకిలు కేవలము వినోదవస్తువు కాదనియు, దూరప్రయాణమునకు తగిన వాహనమనియు ఆ పందెము లోకమునకు చాటెను.

1897లో ఇటలీలో మరియొక పద్ధతి ఆరంభమయ్యెను. కొందరు సైకిలువారు రోమ్ నుండి నేపుల్స్ వరకు సుమారు 230 కిలోమీటర్ల దూరమును సూర్యోదయ సూర్యాస్తమయముల నడుమ గుంపుగా పూర్తిచేసిరి. సాహసికులు అను అర్థములో వారికి ఆడాక్స్ అను పేరు వచ్చెను. 1904లో ఈ పద్ధతి ఫ్రాన్సునకు ప్రాకెను. ఆ సంవత్సరముననే పారిస్‌లో స్థాపితమైన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అను సంఘము నేటికిని ప్రపంచవ్యాప్తముగా జరుగు దూరయాత్రలకు ప్రమాణము నిర్ణయించుచున్నది. 1983లో వివిధ దేశముల సంఘములు కలిసి ఒక అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడినవి.

పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్రలో 1931 నుండి వృత్తి పందెగాండ్రతో పాటు సామాన్య యాత్రికులకును చోటు లభించినది. 1951 తరువాత వృత్తి పందెము ఆగిపోయినది. సామాన్యుల యాత్ర మాత్రము నిలిచినది. 1975 నుండి నాలుగేండ్ల కొకమారు జరుగుచున్నది. 2019లోను, 2023లోను ఆరువేలకు పైగా యాత్రికులు బయలుదేరిరి. మన దేశమునుండి వందలాది మంది వెళ్ళిరి.

నియమములు

ఈ యాత్రకు బ్రెవే అని పేరు. ఆ ఫ్రెంచి మాటకు ధ్రువపత్రము అని అర్థము. యాత్రికునికి ఒక చీటీ ఇత్తురు. దారిలో నిర్ణయించిన తనిఖీ స్థానములలో ఆ చీటీపై ముద్రయు, చేరిన వేళయు వేయించుకొనవలెను. కొన్నిచోట్ల ముద్రకు బదులు దుకాణపు రసీదుగాని ఛాయాచిత్రముగాని సాక్ష్యముగా నంగీకరింతురు. అడ్డదారి పట్టినవారిని కనిపెట్టుటకు ముందుగా తెలుపని రహస్య తనిఖీలును ఉండవచ్చును.

దూరమును బట్టి గడువు ఇట్లుండును: 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషములు, 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400 కిలోమీటర్లకు 27 గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు, 1,000 కిలోమీటర్లకు 75 గంటలు. ఈ గడువులో తినుట, త్రాగుట, నిద్ర, మరమ్మతు, గాలివానకు తలదాచుకొనుట – అన్నియు చేరియున్నవి. ఒకే సంవత్సర కాలములో 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు నాలుగును పూర్తిచేసినవారికి విశేష గుర్తింపు కలదు. పారిస్ యాత్రకు పోదలచినవారు ముందుగా ఈ నాలుగు మెట్లును ఎక్కవలసినదే.

గడువు చూచినచో గంటకు సుమారు 15 కిలోమీటర్లు. ఇది పాలరైతు వేగమే గదా అని తోచవచ్చును. కాని లెక్క వేసి చూడుడు. గంటకు 20 కిలోమీటర్ల వంతున త్రొక్కువానికి 200 కిలోమీటర్లకు 10 గంటలు పట్టును. మిగిలినవి మూడున్నర గంటలు. దారిలో ఆరుచోట్ల ఆగి, ఒక్కొక్కచోట అవసరమునకు మించి 15 నిమిషములు గడపినచో గంటన్నర పోవును. ఒక్క ఎదురుగాలి, ఒక్క పంక్చరు తక్కినదానిని హరించును. కావున ఈ యాత్రలో నెగ్గువాడు వేగముగా పోవువాడు కాదు. కాలమును వృథా చేయనివాడు.

మరియొక ముఖ్య నియమము స్వావలంబనము. తన ట్యూబును తానే మార్చుకొనవలెను. వెంట కారు నడిపించుకొని అందులోనుండి అన్నపానములు అందుకొనుట నిషిద్ధము. బంధుమిత్రుల సహాయము తనిఖీ స్థానములలో మాత్రమే పొందవచ్చును. అయితే దారిలోని దుకాణమున కొనుక్కొనుట, తోటి యాత్రికుని సహాయము పొందుట తప్పు కాదు. స్త్రీలకును పురుషులకును, యువకులకును వృద్ధులకును ఒకే గడువు. ఫలితముల పట్టికలో ఒకటవవాడు, రెండవవాడు అను వరుస యుండదు.

గుంపుగా పోవుటలోని లాభము

గుంపుగా పోవు యాత్రలలో రెండు విధములు కలవు. మొదటిది పాత ఆడాక్స్ పద్ధతి. ఇందులో నాయకులు ముందు నడచి గంటకు 22.5 కిలోమీటర్ల వేగమును నిలుపుదురు. నాయకుని దాటి పోరాదు; బలహీనుని విడిచిపెట్టరాదు. ఆగుటయు, తినుటయు, సాగుటయు అందరికిని ఒక్కమారే. రెండవది 1921లో వేరుపడిన స్వేచ్ఛా పద్ధతి. ఇందులో ఎవరి వేగము వారిది. మన దేశములో ఎక్కువగా జరుగునది ఈ రెండవదే. అయినను దారిలో వేగము కలిసినవారు నలుగురైదుగురు చిన్న జట్టుగా ఏర్పడి సాగుదురు.

పూర్వము జాతరకు పోవు ఎడ్లబండ్లు వరుస కట్టి పోయెడివి. ముందుబండికి దారి తెలిసిన ముసలి ఎడ్లను కట్టి, బండ్ల క్రింద లాంతరులు వ్రేలాడదీసి, వెనుకబడిన బండికొరకు తక్కినవారు ఆగెడివారు. దొంగల భయము, దారితప్పు భయము, నిద్రమత్తు – మూడింటికిని అదే మందు. సైకిలు బృందములోని రహస్యమును అదియే.

దీనికి తోడు గాలి విషయము కలదు. చదునైన నేలపై వేగముగా పోవు సైకిలును ఎక్కువగా అడ్డగించునది గాలియే. వేగము రెట్టింపైనచో గాలి అడ్డగింపు నాలుగు రెట్లగును. ముందువాని వెనుక దగ్గరగా పోవువానికి ఈ భారము నాలుగవ వంతునుండి మూడవ వంతు వరకు తగ్గును. అందుచే జట్టులోనివారు ముందు స్థానమును వంతులవారీగా మార్చుకొందురు. కావడి భుజము మార్చుకొనుట వంటిదే ఇది.

అయితే ఈ లాభముతోపాటు అపాయమును కలదు. గంటకు 25 కిలోమీటర్ల వేగముతో పోవు సైకిలు ఒక సెకనుకు సుమారు 7 మీటర్లు సాగును. ముందువానికిని వెనుకవానికిని ఒక మీటరు ఎడమున్నచో, ముందువాడు హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు వెనుకవానికి ఆలోచించు వ్యవధియే లేదు. అతనికి రోడ్డుపైని గుంట కనబడదు. ముందువాని వీపు మాత్రమే కనబడును. కావున ముందువాడు చేతితో గుంటను చూపవలెను. అరచేతిని వెనుకకు చూపి ఆగుచున్నట్లు తెలుపవలెను. ముందువాని వెనుకచక్రము ప్రక్కకు మన ముందుచక్రమును చేర్చరాదు. రెండును తగిలినచో పడువాడు వెనుకవాడే. లారీలు తిరుగు మన రోడ్లపై ఒంటివరుసలో ఎడమవైపున పోవుటయే మేలు. ముప్పదిమంది ఒకే వరుసగా పోరాదు. ఆరుగురెనిమిదిమంది జట్లుగా విడిపోయి, జట్టుకును జట్టుకును నడుమ వాహనము సర్దుకొనుటకు తగిన ఎడము విడువవలెను.

దేహరక్షణ

దూరయాత్రలో కాళ్ళు ఓడుటకన్న ముందు కడుపును కన్నులును ఓడును. మన ఎండలో గంటకు అర లీటరునుండి ముప్పావు లీటరు వరకు నీరు కావలెను. దాహము వేయువరకు ఆగరాదు. చెమటతో ఉప్పు పోవును గనుక వట్టి నీటినే అతిగా త్రాగుటయు అపాయకరమే. రక్తములోని ఉప్పు పలుచబడి మైకము, వాంతులు కలుగును. ఉప్పు కలిపిన మజ్జిగ, ఉప్పు చక్కెర వేసిన నిమ్మరసము, ఓ.ఆర్.ఎస్. నీరు మంచివి. పొట్లము దొరకనిచోట ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపినను అదే పని చేయును. చెంచా యనగా టీ చెంచా అని గుర్తుంచుకొనవలెను. ఉప్పు ఎక్కువ కారాదు.

ఆహారము కొంచెము కొంచెముగా గంట గంటకును తినవలెను. అరటిపండు, ఇడ్లీ, వేరుశెనగ ఉండ, పెరుగన్నము తేలికగా అరుగును. కడుపునిండ బిర్యాని తిని ఎండలో త్రొక్కువానికి పది కిలోమీటర్లకే నడుము వంగును.

అన్నిటికన్న పెద్ద శత్రువు నిద్ర. రాత్రి రెండు గంటలనుండి తెల్లవారుజాము వరకు మనిషి మేలుకొని యున్నను మనస్సు మగతలో నుండును. సైకిలు తూలుట, తోటివాని మాటకు బదులు చెప్పలేకపోవుట, చెట్టునీడలు మనుష్యులవలె కనబడుట – ఇవి ప్రమాద సూచనలు. అట్టివేళ ఇరువది నిమిషముల కునుకు ప్రాణము కాపాడును. టీ త్రాగి మగతను అణచి సాగిపోవుట మంచిది కాదు. కాని ఆ కునుకునకు చోటు కావలెను. రోడ్డు అంచున పడుకొన్నవాడు లారీక్రింద పడవచ్చును. తెలియని వాకిట పడుకొన్నవానిని దొంగయని అనుమానింపవచ్చును. ఇచ్చటనే గ్రామము చేయగల ఉపకారము కలదు.

సైకిలు, దీపములు

ఈ యాత్రకు విలువైన విదేశీ సైకిలే యుండవలెనను నియమము లేదు. బ్రేకులు పట్టుగా నుండవలెను. టైర్లు అరగి యుండరాదు. జీను ఎత్తు సరిపోవలెను. పెడలు అట్టడుగున నున్నప్పుడు మడమను దానిపై నుంచినచో కాలు నిటారుగా చాగవలెను. అంతకు తక్కువయైనచో మోకాలు నొచ్చును. ఎక్కువయైనచో నడుము ఊగును. వెంట రెండు ట్యూబులు, ప్యాచీలు, గాలిపంపు, టైరు విప్పు మీటలు ఉండవలెను.

రాత్రివేళ ముందు తెల్లదీపము, వెనుక ఎర్రదీపము, మెరయు చొక్కా తప్పనిసరి. మన దేశపు యాత్రలలో హెల్మెటును తప్పనిసరియే. సెకనుకు 7 మీటర్లు సాగువానికి పది మీటర్లు మాత్రమే వెలుగు చూపు దీపము ఒకటిన్నర సెకను వ్యవధి నిచ్చును. గుంటను చూచి తప్పుకొనుటకు అది చాలదు. ఈ లెక్క దూరయాత్రికులకే కాదు, రాత్రి పొలమునకు నీరు కట్టుటకు పోవు మన రైతుకును వర్తించును. అతని సైకిలు వెనుక ఎర్రని అద్దపుబిళ్ల యొక్కటి బిగించినను లారీ డ్రైవరు కంట పడును.

ఫ్రాన్సు గ్రామముల ఆదర్శము

పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్ర నిలిచియుండుటకు దారిలోని చిన్న గ్రామముల ఆదరణ ముఖ్యకారణము. విలేన్-లా-జుయెల్ అను ఊరి జనాభా మూడువేల ప్రాంతము. యాత్ర వచ్చినప్పుడు ఊరంతయు పండుగ జరుపును. వంటలు, వడ్డనలు, పడకలు ఊరివారే చూచుకొందురు. అలసినవారి పళ్ళెములను చిన్నపిల్లలు మోసి బల్లవద్దకు చేర్చుదురు. యాత్రామార్గమున పాఠశాలలు, సమావేశ మందిరములు తనిఖీ స్థానములుగా మారును. ఇవిగాక ఎవరును కోరకయే దారిప్రక్క కుటుంబములు ఇంటిముందు బల్ల వేసి నీరు, కాఫీ, రొట్టె ఉంచుదురు. లా తానియేర్ అను పల్లెలో ఒక కుటుంబము రాత్రనక పగలనక దోసెవంటి పలుచని తీపి అట్టు, కాఫీ ఇచ్చి, రొక్కము తీసికొనక, ఇంటికి పోయిన తరువాత ఒక పోస్టుకార్డు వ్రాయుడని మాత్రము కోరుచు వచ్చినది. దేశదేశములనుండి వచ్చిన కార్డులు ఆ ఇంటివారికి నిధియైనవి.

ఎండకాలమున చలివేంద్రము పెట్టుట, నడచి తిరుపతికి పోవు భక్తులకు మజ్జిగ పోయుట మన గ్రామములకు తరతరముల ఆచారము. కావున ఇది మనము పరులనుండి నేర్వవలసినది కాదు. ఉన్నదానిని క్రొత్త అతిథులకును విస్తరింపజేయుటయే.

పంచాయతీలు చేయదగిన పనులు

రోడ్ల సంరక్షణ, వీధిదీపములు, మంచినీరు పంచాయతీల విధులే. క్రింది పనులకు పెద్ద ఖర్చు లేదు. ఇవి యాత్రికునికన్న ముందు ఊరివారికే ఉపకరించును.

(1) వేగనిరోధకములకు తెల్లరంగు గీతలు వేయించి, ముందుగా హెచ్చరిక బోర్డు నాటించవలెను. రంగులేని గట్టు చీకటిలో సైకిలువానిని, మోటారు సైకిలువానిని సమానముగా పడవేయును. రాష్ట్ర రహదారి, జాతీయ రహదారి విషయములో సంబంధిత శాఖకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

(2) రోడ్డుపై ధాన్యము ఆరబోయుట, దానిచుట్టు బండరాళ్ళు పేర్చుట, రాత్రికి నల్లని పట్టా కప్పి విడుచుట అతి ప్రమాదకరము. కాని రైతును నిందించిన లాభము లేదు. కల్లము లేనివాడు రోడ్డునే కల్లము చేసికొనును. ఆరబెట్టుటకు తగిన ఉమ్మడి స్థలమును పంచాయతీ చూపవలెను. అంతవరకు కనీసము రాళ్ళను తొలగింపజేయవలెను. సాయంకాలమునకు కుప్పను రోడ్డుమీదినుండి తీయింపవలెను.

(3) ఊరి మొదటను, చివరను, మలుపులవద్దను వీధిదీపములు రాత్రియంతయు వెలుగునట్లు చూడవలెను.

(4) యాత్ర నిర్వాహకులు ముందుగా తెలిపినచో నీటి ఏర్పాటు చేయవచ్చును. ముప్పదిమందికి మనిషికి రెండు లీటర్ల వంతున 60 లీటర్లు కావలెను. అనగా 20 లీటర్ల డబ్బాలు మూడు. ఇంతకన్న భారము లేదు.

(5) పంచాయతీ కార్యాలయపు అరుగుగాని, సమావేశ మందిరముగాని, పాఠశాల వరండాగాని రాత్రివేళ కునుకు తీయుటకు తెరచియుంచవచ్చును. మరుగుదొడ్డి, దీపము ఉన్నచో చాలును. స్త్రీ యాత్రికులుండుదురు గనుక మహిళా సభ్యులలో ఒకరు ఈ ఏర్పాటును చూచుకొనుట మంచిది.

(6) ఊరి సైకిలు షాపువాని ఫోను నెంబరు టీ కొట్టువద్ద వ్రాసి యుంచవలెను. పలువురి సైకిళ్ళకు సన్నని ప్రెస్టా వాల్వు ఉండును. మన పంపు దానికి నేరుగా పట్టదు; చిన్న ఇత్తడి బిరడా యొకటి కావలెను. అది షాపులో నున్నచో ఒకరి యాత్ర నిలబడును.

(7) పడిపోయినవానిని చూచినప్పుడు మెడను త్రిప్పక, నలుగురు లాగి కూర్చుండబెట్టక, ముందు వాహనములను నిలిపి 108కి ఫోను చేయవలెను. వడదెబ్బ తగిలి మాట తడబడినచో నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతయు తుడిచి విసరవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. సహాయము చేసినవారిని పోలీసులు వేధింతురను భయము అనవసరము. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి చేర్చిన 134ఏ సెక్షను అట్టి ఉపకారికి రక్షణ కల్పించుచున్నది. తన పేరు చెప్పవలెనను నిర్బంధమును లేదు.

(8) సన్మానసభలు వలదు. అభిమానముతో యాత్రికులను ఆపి, దండలు వేసి, అరగంట ఉపన్యసించినచో వారి గడువు తప్పును. ఒక గ్లాసు మజ్జిగ, ఒక మంచి మాట – ఇంతకు మించిన సన్మానము వారికి లేదు.

మన యువజనులు ఎట్లు ఆరంభింపవలెను?

ఈ యాత్రలలో నేడు పాల్గొనుచున్నవారిలో పట్టణవాసులే ఎక్కువ. కాని సైకిలుతో పెరిగిన గ్రామీణ యువకునికి కాలిబలము కొదవ లేదు; పద్ధతి తెలియకపోవుటయే లోపము. బాలికలకు పాఠశాలలలో సైకిళ్ళు పంచిన సందర్భములు కలవు. పదవ తరగతి కాగానే ఆ సైకిలు గోడకు చేరుట విచారకరము. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమములో భాగముగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చి, గుంపులుగా ఊరేగి, తమ ప్రయాణములకు ఇతరులపై ఆధారపడు అవస్థను చాలవరకు తగ్గించుకొనిరి. సైకిలు వారికి వాహనము మాత్రమే కాలేదు, ధైర్యమును అయ్యెను.

పంచాయతీ పరిధిలోని యువజన సంఘము మొదట 40 కిలోమీటర్ల ఉదయయాత్ర జరుపవచ్చును. మండల కేంద్రమునకు పోయి తిరిగివచ్చినను చాలును. రెండు మూడు వారములకొకసారి దూరమును కొంచెము కొంచెముగా పెంచి, మూడు నాలుగు నెలలలో 100 కిలోమీటర్లకు చేరవలెను. బలహీనుని వేగమే బృందపు వేగము అను కట్టుబాటును మొదటిదినమే చేసికొనవలెను. ముందు దారి తెలిసిన ఒకరు, వెనుక మరమ్మతు తెలిసిన ఒకరు ఉండవలెను. ప్రతివాని జేబులోను పేరు, రక్తపు వర్గము, ఇంటి ఫోను నెంబరు వ్రాసిన చీటీ ఉండవలెను. గుండెజబ్బు, ఉబ్బసము, మధుమేహము కలవారు వైద్యుని సలహా లేక పాల్గొనరాదు. పెద్ద బృందము బయలుదేరినచో పోలీసు స్టేషనుకు ముందుగా తెలుపవలెను. ఈ సాధన కుదిరినవారు పదునెనిమిదేండ్లు నిండినపిమ్మట 200 కిలోమీటర్ల యాత్రకు పేరు నమోదు చేసికొనవచ్చును. గడువులో చేరలేకపోయినను చిన్నతనము కాదు. ఒళ్ళు బాగులేనప్పుడు, నిద్ర ఆగనప్పుడు యాత్రను మానుకొని బస్సెక్కుటయు ఈ విద్యలో నేర్వవలసిన పాఠమే.

సభ్యులు ఒక విషయమును మరువరాదు. దూరయాత్రికుడు ఏడాదికి రెండు మూడు మారులు మీ ఊరిమీదుగా పోవును. మీ ఊరి పాలరైతు, కూలి, విద్యార్థిని ప్రతిదినము అదే రోడ్డుపై అదే గుంటను, అదే చీకటిని దాటుచున్నారు. వారికై గుంట పూడ్చినచో యాత్రికునికి దారి దానంతటదే ఏర్పడును. రాబోవు పంచాయతీ సమావేశమునకు ముందు ఒక సాయంకాలము సభ్యులందరు చీకటి పడిన తరువాత సైకిళ్ళపై ఊరి పొలిమేర నుండి పొలిమేర వరకు ఒకమారు పోయి చూచినచో, సరిచేయవలసిన పనుల జాబితా సమావేశపు బల్లపైకి సిద్ధముగా వచ్చును.